"ఛార్జింగ్ లేదమ్మా" అని ఫోను పెట్టేస్తోంది

పల్నాడు వైపు పల్లె నుంచి వెళ్లి ఇంగ్లాండులో నర్సుగా పనిచేస్తున్న ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆ ఉత్తరంలోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 33 ఏళ్లు. నర్సింగ్ డిప్లొమా (జీఎన్ఎం) చదివి హైదరాబాదులో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఐసీయూలో ఏడేళ్లు పనిచేశారు. చివర్లో జీతం 24 వేలు. భర్త ఒక షోరూములో అకౌంట్లు చూసేవారు. ఇద్దరి జీతాలూ ఇంటద్దెకీ, చీటీలకీ, అత్తగారి మందులకీ సరిపోయేవి. "బాగా బతుకుదామనే వచ్చాం. ఇందులో దాచేదేమీ లేదు" అని రాశారు. ఇంగ్లీషు పరీక్ష ఓఈటీ రెండోసారి పాసయ్యారు. రెండు రూపాయల వడ్డీకి నాలుగున్నర లక్షలు తెచ్చి కన్సల్టెన్సీకి కట్టారు. రెండేళ్ల రెండు నెలల కిందట మిడ్‌లాండ్స్‌లోని ఒక పట్టణంలో ప్రభుత్వాసుపత్రిలో చేరారు. అక్కడి ప్రాక్టికల్ పరీక్ష ఆస్కీ పాసై, నర్సుగా రిజిస్ట్రేషన్ నంబరు (పిన్) కూడా వచ్చింది. ఆరు నెలల తర్వాత భర్త ఆమె వీసా మీద ఆధారపడిన డిపెండెంట్‌గా వెళ్లి ఒక గోడౌన్‌లో రాత్రిపూట ప్యాకింగ్ పని చేస్తున్నారు. పాప ఊళ్లో నాయనమ్మ దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు దానికి ఐదేళ్లు.

ఈమెకు వృద్ధుల వార్డు ఇచ్చారు. "ఏడేళ్లు వెంటిలేటర్లు చూసినదాన్ని. ఇక్కడ ఒళ్లు తుడవడం, కమోడ్ మీద కూర్చోబెట్టడం, స్పూనుతో తినిపించడం. మన దగ్గర ఆయమ్మలు చేసే పని. ఈ రోజు డ్యూటీలో ఏం చేశావమ్మా అని అత్తయ్య అడిగితే మాట మార్చేస్తాను." మొదట్లో ట్రైనింగ్ పూర్తయ్యేదాకా ఐవీ ఇంజక్షన్ కూడా ఇవ్వనివ్వలేదు. ఒక పెద్దాయన అందరి ముందూ "ఇంగ్లీషు వచ్చినవాళ్లని పిలవండి" అన్నాడు. పోయిన నెలలో ఒక మాత్ర ఆలస్యంగా ఇస్తే తోటి నర్సు డేటిక్స్ (పొరపాటు రిపోర్టు) రాసింది. అప్పటి నుంచి పిన్ పోతుందేమోనన్న భయంతో నిద్ర లేదు.

భర్త "ఇంకో మూడేళ్లు ఓర్చుకో, పీఆర్ (శాశ్వత నివాసం) వస్తుంది, అప్పుడు పాపను తెచ్చుకుందాం" అంటున్నారు. ఈమెకు వెనక్కి రావాలని ఉంది. అప్పు ఇంకా లక్షన్నర ఉంది. మూడేళ్లు నిండకుండా మానేస్తే ఆసుపత్రి తనకోసం పెట్టిన ఖర్చులో కొంత తిరిగి కట్టాలని కాంట్రాక్టులో ఉంది. స్నేహితురాలు ఆస్ట్రేలియా వెళ్దామంటోంది. ఊళ్లో ఇల్లు కట్టారు, గృహప్రవేశం ఈమె వీడియోలో చూశారు. చివర్లో ఇలా రాశారు: "పాప ఈ మధ్య రెండు నిమిషాలు మాట్లాడి, ఛార్జింగ్ లేదమ్మా అని పెట్టేస్తోంది. అత్తయ్యని అడిగితే ఛార్జింగ్ నిండుగా ఉందంటుంది. నేను ఉండాలా, వచ్చేయాలా?"

అమ్మా, మీ ఆరు పేజీల్లో నాలుగు పేజీలు వార్డు గురించే. పాప గురించి రాసింది చివర పదకొండు లైన్లు. నాకు మొదట కనిపించింది అదే. వార్డు బాధ రాయడానికి మీకు మాటలు దొరికాయి, పాప దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోయింది. అందుకే ఉండాలా రావాలా అన్న మీ ప్రశ్నకి నేరుగా జవాబు చెప్పను. అందులో మూడు ముళ్లు ఒకదానికొకటి చిక్కుకుని ఉన్నాయి: ఉద్యోగం, పాప, ఇంటి దగ్గర మీరు దాస్తున్న సంగతి. మూడూ కలిపి ఒక్కసారే లాగితే ఏదీ ఊడదు. పైగా ఉద్యోగం మీద విసుగుతో వచ్చేసి "నీ కోసమే వచ్చాను" అని పాపతో అన్నారనుకోండి. ఆ బరువు ఐదేళ్ల పిల్ల నెత్తిన పడుతుంది.

ముందు ఉద్యోగం చూద్దాం, మూడింటిలో అదే తేలిక.

ఒళ్లు తుడవడం ఆయమ్మల పని అని మీరు రాశారు. మన ఆసుపత్రుల్లో అలా విడగొట్టింది మనమే. రోగి పక్కన అటెండెంట్‌గా ఇంటి మనిషి ఉంటారు, మలమూత్రాలకి ఆయమ్మ ఉంటుంది, నర్సు ఫైలూ ఇంజక్షనూ పట్టుకుంటుంది. ముట్టుకోదగ్గ పని, ముట్టుకోకూడని పని అనే మన పాత తేడాలు ఆ విభజనలోకి కూడా వచ్చి కూర్చున్నాయి. అక్కడ రోగి పక్కన రాత్రింబవళ్లు కాపలా కాసే బంధువు ఉండరు కాబట్టి ఆ మనిషి ఒళ్లంతా నర్సు బాధ్యతే. ఐసీయూ చూసిన మీకు నేను చెప్పాలా? నడుము దగ్గర చర్మం ఎర్రబడటం, నిన్న తిన్న మనిషి ఇవాళ ముద్ద మింగలేకపోవడం, ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం స్నానం చేయించే చేతికే ముందు తెలుస్తాయి. అత్తగారు అడిగినప్పుడు మాట మార్చకండి. "85 ఏళ్ల ముసలావిడకి స్నానం చేయించాను అత్తయ్యా, నా చెయ్యి పట్టుకుని వదల్లేదు" అని చెప్పి చూడండి. పదేళ్లు మంచం మీద ఉన్న మామగారికో, వాళ్లమ్మకో ఆవిడ కూడా ఆ పని చేసే ఉంటుంది.

అయితే మీ బాధలో రెండో సగం పూర్తిగా న్యాయమైనది. ఏడేళ్లలో నేర్చుకున్న విద్య చేతిలో ఎండిపోతోంది. దీన్ని ఓర్చుకోవాల్సిన పని లేదు. మీ ఆసుపత్రిని నడిపే ట్రస్టులోనే క్రిటికల్ కేర్ యూనిట్‌లో (ఐసీయూ) బ్యాండ్ 5, అంటే మీ స్థాయి నర్సు ఖాళీలు పడుతుంటాయి, దరఖాస్తు పెట్టండి. అక్కడ వెంటిలేటర్ మీద ఉన్న ఒక రోగికి ఒక నర్సు ఉంటుంది. హైదరాబాదులో మీరు ఒక్కరే ముగ్గురిని చూశానని రాశారు కదా, అదే మీ అర్హత, ఇంటర్వ్యూలో నోరు విప్పి చెప్పండి. అదే ట్రస్టులో అదే రకం నర్సు ఉద్యోగంలోకి మారితే మామూలుగా కొత్త వీసా అక్కర్లేదు. ముందుగా హెచ్ఆర్‌ని అడిగి మెయిల్‌లో జవాబు తీసుకోండి. వేరే ట్రస్టుకి వెళ్తే మాత్రం కొత్త స్పాన్సర్‌షిప్, కొత్త దరఖాస్తు కావాలి. అవి చేతికి రాకుండా రాజీనామా ఇవ్వొద్దు.

డేటిక్స్ సంగతి. అది పోలీసు కేసు లాంటిది కాదు. ఏదైనా పొరపాటు జరిగితే ఎందుకు జరిగిందో చూసుకోవడానికి రాసుకునే రిపోర్టు. మీరు కూడా రాయొచ్చు. ఆ రోజు వార్డులో ఎంతమంది స్టాఫ్ తక్కువున్నారో అదే పద్ధతిలో రికార్డు చేయొచ్చు. పిన్ మీద చర్య తీసుకునేది అక్కడి నర్సుల రిజిస్ట్రేషన్ మండలి ఎన్ఎంసీ. ఇలాంటి చిన్న విషయాలు ఆసుపత్రిలోనే తేల్చుకోవాలని ఎన్ఎంసీయే చెబుతుంది. జరిగింది, నేర్చుకున్నది ఒక పేజీ రాసి పెట్టుకోండి. మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కొనసాగించుకునే రీవాలిడేషన్‌కి ఎలాగూ ఇలా నేర్చుకున్న సంగతులు, రిఫ్లెక్టివ్ అకౌంట్లు, ఐదు రాయాలి, ఇది ఒకటవుతుంది. యూనియన్‌లో ఉన్నారో లేదో మీరు రాయలేదు. ఆర్‌సీఎన్ కావచ్చు, యూనిసన్ కావచ్చు, ఏదో ఒక దాంట్లో ఈ వారమే చేరండి. గొడవ వచ్చాక చేరితే పాత గొడవకి వాళ్ల సాయం అందకపోవచ్చు. ఇంగ్లీషు వచ్చినవాళ్లని పిలవమన్న పెద్దాయన మాటని మింగేశారు. ఇంకోసారి అలా జరిగితే వార్డు మేనేజర్‌కి అదే రోజు రాతపూర్వకంగా చెప్పండి. ప్రతి ట్రస్టులో ఫ్రీడమ్ టు స్పీక్ అప్ గార్డియన్ అని ఒకరు ఉంటారు. మేనేజర్ పట్టించుకోకపోతే వాళ్ల దగ్గరికి వెళ్లొచ్చు.

ఈ ఉత్తరం చదివే ఇతర చెల్లెళ్లకి ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంగ్లాండు ఆసుపత్రుల్లో ఉద్యోగం ఇప్పిస్తామని నర్సు దగ్గర డబ్బు తీసుకోవడం ఆ దేశపు నియామక నియమావళికి విరుద్ధం. పరీక్ష ఫీజులు మీవే కావచ్చు, ఉద్యోగానికి లక్షలు అడిగేవాళ్ల గడప తొక్కొద్దు.

ఇక పాప.

నేను 1994 నుంచి పదకొండేళ్లు గల్ఫ్‌లో స్టాఫ్ నర్సుగా చేశాను. మా అబ్బాయి మా అమ్మ దగ్గర పెరిగాడు. సెలవుకి వచ్చిన ప్రతిసారీ వాడు మొదట అడిగే మాట "ఎన్ని రోజులుంటావు?" అని. పెట్టెలు తెరవకముందే, బొమ్మలు చూడకముందే. ముప్పై రోజులంటే ఒకలా ఉండేవాడు, నలభై అయిదంటే ఒకలా ఉండేవాడు. లెక్కల మీద ఇష్టమేమో అనుకునేదాన్ని. ఎన్ని రోజులకి సరిపడా దగ్గరవ్వాలో వాడు చూసుకుంటున్నాడని నాకు చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. మీ పాప ఛార్జింగ్ లేదని అబద్ధం చెప్పడంలో నాకు అదే కనిపిస్తోంది. దానికి మీ మీద ప్రేమ లేక కాదు, ఫోను ఎప్పుడో ఒకప్పుడు మీరు పెట్టేస్తారు, డ్యూటీకి టైమైందంటారు. ఆ క్షణం రాకముందే అది పెట్టేస్తోంది. నేను చెప్పింది తప్పు కావచ్చు, మీ పాపని మీరు చూడాలి. అయితే మూడు చిక్కుల్లో గడువు ఉన్నది దీనికొక్కదానికే. ఉద్యోగం వచ్చే ఏడాది మారొచ్చు, అప్పు ఆ పై ఏడాది తీరొచ్చు. ఐదో ఏడు, ఆరో ఏడు మళ్లీ రావు.

అందుకే మీవారు అంటున్న "ఇంకో మూడేళ్లు" మాటని కాస్త గట్టిగా తడిమి చూడాలి. ఐదేళ్లకి శాశ్వత నివాసం అన్నది ఇప్పటిదాకా నడిచిన పద్ధతి. 2025 మే నెలలో బ్రిటన్ ప్రభుత్వం దాన్ని పదేళ్లు చేస్తామని ప్రతిపాదించింది. నవంబరులో ప్రభుత్వాసుపత్రుల డాక్టర్లకీ నర్సులకీ ఐదేళ్లే ఉంచుతామంది. భర్త, భార్య లెక్క విడివిడిగా చూడాలన్న ఆలోచన కూడా ఆ ప్రతిపాదనల్లో ఉంది. అంటే మీకు ఐదేళ్లకి వచ్చినా ఆయనకి రాకపోవచ్చు. ఇలాంటి కదిలే నేల మీద పాప రాకని కట్టేయకండి. పీఆర్ వచ్చాకే పాప రావాలన్న నియమం ఎక్కడా లేదు. మీరు హెల్త్ అండ్ కేర్ వీసా మీద ఉన్న నర్సు. పిల్లల్ని తెచ్చుకోకూడదన్న 2024 నాటి ఆంక్ష కేర్ వర్కర్లకి పెట్టింది, మీకు వర్తించదు. తల్లీ తండ్రీ ఇద్దరూ అక్కడే ఉన్నారు కాబట్టి పాప వీసాకి దారి తేలికే. ఈ వీసాలో హెల్త్ సర్‌ఛార్జ్ (వైద్యం కోసం ముందే కట్టే రుసుము) కూడా కట్టనక్కర్లేదు.

పిల్లని ఎవరు చూస్తారన్నదే మీ భయం. కాగితం మీద వేసి చూశాను. ఇంగ్లాండులో ఐదేళ్ల పిల్ల బడిలో ఉండాల్సిందే. ప్రభుత్వ బడికి ఫీజు లేదు, బడిలో మొదటి మూడేళ్లు, అంటే రిసెప్షన్ నుంచి ఇయర్ 2 దాకా, పిల్లలందరికీ మధ్యాహ్న భోజనం ఉచితం. మీవారు పొద్దున ఏడింటికి ఇంటికి వస్తారని రాశారు. పాపని బడిలో దింపి, తొమ్మిదిన్నర నుంచి రెండున్నర దాకా పడుకుని, మూడింటికి తీసుకురావచ్చు. మీకు వారానికి మూడు లాంగ్ డేలు, అంటే పొడుగు పగటి డ్యూటీలు. ఆ మూడు రోజులూ రాత్రి ఎనిమిదిన్నరకి మీరు వస్తారు, ఆయన తొమ్మిదికి బయల్దేరతారు. మనిషికి ఐదు గంటల నిద్ర అంటే కష్టమే, ఎన్నాళ్లో సాగదు కూడా. ఆరు నెలల్లో ఆయన పగటి పనికి మారాల్సి ఉంటుంది. ఏడాదిలో దాదాపు 13 వారాలు బడికి సెలవులు, వాటికి వేరే ఏర్పాటు కావాలి. ఇద్దరికీ ఒకే రాత్రి డ్యూటీ పడితే ఈ లెక్కంతా కూలిపోతుంది. అందుకని ముందు మీ రోస్టర్ (డ్యూటీల పట్టిక) కుదుర్చుకోవాలి. నైట్లు లేకుండా, లేదా ఆయనకి సెలవున్న రాత్రుల్లోనే నైట్లు పడేలా ఇవ్వమని ఫ్లెక్సిబుల్ వర్కింగ్ దరఖాస్తు పెట్టే హక్కు మీకు చేరిన రోజు నుంచే ఉంది. వాళ్లు ఒప్పుకోవాల్సిందేనని లేదు, కానీ కారణం చెప్పాలి. గంటలు తగ్గించుకోవాలనుకుంటే మాత్రం తొందరపడొద్దు. వీసాకి జీతం కనీస పరిమితి ఉంది, దాని కిందికి వెళ్తే అసలుకే ముప్పు.

డబ్బు మాటా చెప్పుకోవాలి. 2025-26లో బ్యాండ్ 5 మొదటి మెట్టు జీతం ఏడాదికి 31,049 పౌండ్లు. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్, పింఛను పోగా నెలకి చేతికొచ్చేది రెండు వేలకి అటూ ఇటూ. రాత్రులకీ శనివారాలకీ 30 శాతం, ఆదివారాలకీ బ్యాంక్ హాలిడేలకీ 60 శాతం అదనం వస్తుంది. మీరు నైట్లు మానుకుంటే ఆ అదనంలో చాలా భాగం పోతుంది. మీ వీసా మీద ప్రభుత్వ చైల్డ్ బెనిఫిట్ రాదు. అద్దె 950 పౌండ్లు, రేపు పాపకి ఇంకో గది కావాలంటే ఇంకా ఎక్కువ. ఇప్పుడు ఊరికి పంపుతున్న 60 వేలు సగానికి పడిపోతాయి, అప్పు ఇంకో ఏడాది సాగుతుంది. ఇది తెలిసే అడుగు వేయండి.

ఇంకొకటి. పాపకి ఇప్పుడు లోకమంతా నాయనమ్మే. విమానం ఎక్కించి తెచ్చేస్తే మీకు పాప దొరుకుతుంది, పాపకి నాయనమ్మ పోతుంది. వీలైతే అత్తగారిని కూడా విజిటర్ వీసా మీద, ఆరు నెలల లోపు ఉండేలా పాపతో పాటే రమ్మనండి. పిల్ల బడికి అలవాటుపడే నెలల్లో తెలిసిన ముఖం ఇంట్లో ఉంటుంది. ఆవిడ ఎందుకు వస్తున్నారో దరఖాస్తులో నిజమే రాయండి.

ఇది కుదరకపోతే మీవారు ఊరికి వచ్చి పాప దగ్గర ఉండటం ఒక దారి. కొన్ని ఇళ్లలో ఇది బాగానే నడిచింది. కానీ ఏ పన్నెండు నెలల్లోనైనా 180 రోజులకి మించి బయట ఉంటే ఆయన శాశ్వత నివాసం లెక్క దెబ్బతింటుంది. ఆయన ఇక్కడే స్థిరపడిపోతే, రేపు పాపని ఒక్కదాన్నే తెచ్చుకోవడం కూడా చిక్కవుతుంది. తల్లిదండ్రుల్లో ఒకరు ఇండియాలో ఉంటే వీసా అధికారులు అడిగే ప్రశ్నలు వేరు.

మీ మనసులో ఉన్న దారి అందరూ వచ్చేయడం. అది ఓడిపోవడం అని నేను అననే అనను. కానీ తేదీ చూసుకుని రండి. కాంట్రాక్టు మూడేళ్లకి ఇంకా పది నెలలే ఉంది. ఈ రోజు మానేస్తే ఎంత కట్టాలో, ఆర్నెల్ల తర్వాత ఎంతో హెచ్ఆర్‌ని లెక్కతో అడగండి. మామూలుగా కాలం గడిచేకొద్దీ ఆ మొత్తం తగ్గుతుంది. ఇక్కడ మంచి ఉద్యోగమంటే ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్. మూలవేతనం 44,900, మంగళగిరి, బీబీనగర్ రెండూ మనకి దగ్గరే. దానికి రాయాల్సిన నార్‌సెట్ పరీక్షకి వయసు పరిమితి మాత్రం 30. ఓబీసీలకి మూడేళ్లు, ఎస్సీ ఎస్టీలకి ఐదేళ్లు సడలింపు. మీ కేటగిరీ రాయలేదు. 33 ఏళ్లకి ఈ తలుపు మూసుకుపోయిందో, మూసుకుపోతోందో మీరే చూసుకోవాలి. ప్రైవేటులోకే రావాల్సొస్తే ఇంగ్లాండు అనుభవానికి జీతం రెండింతలవుతుందని ఆశపడొద్దు. వచ్చినా పిన్ వదులుకోకండి. మూడేళ్లలో 450 గంటల పని చూపించాలి, ఇక్కడ రిజిస్టర్డ్ నర్సుగా చేసిన గంటలు కూడా పనికొస్తాయి.

ఆస్ట్రేలియా గురించి రెండే మాటలు. ఇంగ్లాండులో రిజిస్టరై 1,800 గంటలు పనిచేసిన నర్సులకి 2025 ఏప్రిల్ నుంచి అక్కడ రిజిస్ట్రేషన్ సులువైంది, మీకు ఆ గంటలు ఎప్పుడో దాటాయి. జీతాలు కూడా మెరుగే. కానీ పాప లేకుండా ఇంకో దేశం వెళ్తే ఇదే ఉత్తరం అక్కడి నుంచి రాస్తారు.

నన్ను అడిగితే మొదటి దారి, అంటే పాపని అక్కడికే తెచ్చుకోవడం వైపే నా మనసు మొగ్గుతుంది. నా అనుభవం నన్ను అటు లాగుతోందని ఒప్పుకుంటాను, ఆ మేరకు తగ్గించి తీసుకోండి. ఏ దారైనా మూడో ముడి, మీరు దాస్తున్న సంగతి, విప్పకుండా కుదరదు. మీరు ఏడుస్తున్నట్టు మీవారికి తెలియదని రాశారు. ఒకరు వచ్చేసరికి ఇంకొకరు బయల్దేరే ఇంట్లో ఎలా తెలుస్తుంది? ఆయన కూడా లెడ్జర్లు రాసిన చేత్తో డబ్బాలు మోస్తున్నారు, ఆ మూడేళ్ల మాట ఆయన్ని ఆయన నిలబెట్టుకోవడానికి చెప్పుకుంటున్నదేమో. ఇద్దరికీ సెలవు కలిసే రోజు ఒకటి చూసుకుని, ఈ జవాబు పక్కన పెట్టుకుని లెక్క వేయండి. అప్పు, అద్దె, రోస్టర్, పాప బడి. అత్తగారికి మాత్రం "అక్కడ అంతా బాగుంది" అని చెప్పడం ఆపేయండి. అంతా బాగుందని నమ్మబట్టే కదా బంధువులు డబ్బు అడుగుతున్నారు, పాప ఎందుకు మీ దగ్గర లేదో ఆవిడకీ అర్థం కావడం లేదు.

పాప మళ్లీ ఛార్జింగ్ లేదంటే నిలదీయకండి. "సరే తల్లీ, మంగళవారం నువ్వు బడి నుంచి వచ్చేసరికి చేస్తాను" అని చెప్పి, సరిగ్గా ఆ మంగళవారం ఆ టైముకే చేయండి. డ్యూటీ ఉన్న రోజు మాత్రం ఒప్పుకోకండి. రోస్టర్ గురించి మీ మేనేజర్ ఏమన్నారో నాకు మళ్లీ రాయండి, వద్దంటే ఏం కారణం చెప్పారో కూడా రాయండి. దానికి జవాబు ఎలా ఇవ్వాలో కలిసి చూద్దాం.